పోకర్ టోర్నమెంట్లలో చివరికి మిగిలిందెంత? లెక్క కట్టే పూర్తి పద్ధతి

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు నుంచి ఏడాదికి మూడు నాలుగుసార్లు గోవా వెళ్లి పోకర్ టోర్నమెంట్లు ఆడివచ్చేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఇంతకీ నేను లాభంలో ఉన్నట్టా, నష్టంలో ఉన్నట్టా?" చాలామంది దగ్గర దీనికి జవాబు దొరకదు. గెలిచిన రోజు ఫొటో ఫోన్‌లో భద్రంగా ఉంటుంది. ఓడిన రోజు రసీదు హోటల్ గది చెత్తబుట్టలో పోతుంది.

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతు బోర్డు మీది ధర చూసి లాభం అనుకోడు. తక్‌పట్టీలో ఏమేం కోతలు పడ్డాయో చూస్తాడు, ఇంటికెళ్లి విత్తనాలు, మందులు, కూలీ తీసేస్తాడు. ఇక్కడా అదే పని చేయాలి. ఎలా ఆడాలో ఈ గైడ్ చెప్పదు, ఆడినదాన్ని ఎలా కొలవాలో మాత్రమే చెబుతుంది.

## 1. ముందు ఒక హద్దు గీసుకోండి

తెలంగాణలో డబ్బు పెట్టి పేకాట ఆడటం నేరం. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, నైపుణ్యం ఆటలకు ఉన్న మినహాయింపును తీసేశారు, ఆన్‌లైన్ ఆటలనూ పరిధిలోకి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. కాబట్టి ఊరి బయట ఫామ్‌హౌస్‌లో పడే ఆట, వీపీఎన్ పెట్టి విదేశీ సైట్‌లో ఆడే ఆట ఈ లెక్కలోకి రావు. వాటిలో పోలీసు కేసు అనే ఖర్చును ఏ గడిలో రాయాలో నాకు తెలియదు.

ఈ గైడ్ గోవాలో లైసెన్స్ ఉన్న చోట్ల, అంటే మాండవి నది మీది ఓడల్లో, పెద్ద హోటళ్లలో జరిగే టోర్నమెంట్లకు సరిపోతుంది. 21 ఏళ్లు నిండనివాళ్లను లోపలికి రానివ్వరు. డబ్బు లేకుండా ఉత్త చిప్స్‌తో సాధన చేసేవాళ్లకు కూడా 3, 5, 8, 9 భాగాలు పనికొస్తాయి.

## 2. బయలుదేరే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఆట డబ్బు విడిగా లేకపోతే ఏ లెక్కా నిలవదు. జీతం, షాపు గల్లా, చిట్టీ ఎత్తిన డబ్బు, ఆట డబ్బు అన్నీ ఒకే ఖాతాలో తిరుగుతుంటే నెలాఖరున మిగిలింది ఏ డబ్బో ఎవరూ చెప్పలేరు.

- ఆట కోసం ఒక వేరే బ్యాంకు ఖాతా. పెట్టే డబ్బు అందులోంచే పోవాలి, వచ్చేది అందులోకే రావాలి.
- ఫోన్‌లో ఒక గూగుల్ షీట్. యాప్‌లు ఉన్నాయి గానీ మన పన్ను, మన ప్రయాణ ఖర్చు వాటికి తెలియవు.
- రసీదుల కోసం ఫోన్‌లో ఒక ఫోల్డర్. ఎంట్రీ కౌంటర్ దగ్గరే ఫొటో తీసేయండి.
- ఒక చిన్న నోట్‌బుక్. చేతిలో ముక్కలు ఉండగా ఫోన్ వాడనివ్వరు. బ్రేక్‌లో రాసుకోవడానికి ఇది కావాలి.

పాత ఆటలను జ్ఞాపకం మీద షీట్‌లోకి ఎక్కించొద్దు. గెలిచినవి రూపాయితో సహా గుర్తుంటాయి, ఓడినవి సగం గుర్తుండవు. రసీదో బ్యాంకు స్టేట్‌మెంటో ఉన్నవే ఎక్కించండి. లేకపోతే ఈరోజు నుంచి మొదలుపెట్టండి.

## 3. షీట్‌లో ఉండాల్సిన గడులు

ఒక్కో ఎంట్రీకి ఒక్కో వరుస. గడులు ఇవి:

- తేదీ, ట్రిప్ నంబర్, టోర్నమెంట్ పేరు
- ప్రైజ్ పూల్‌కు, అంటే బహుమతుల కోసం పోగయ్యే డబ్బుకు వెళ్లే మొత్తం
- నిర్వాహకుల ఫీజు, దీన్నే రేక్ అంటారు
- రసీదులో విడిగా చూపిన జీఎస్టీ
- రీబై, యాడ్-ఆన్, అంటే ఆట మధ్యలో అదనంగా చిప్స్ కొన్న ఖర్చు
- మొత్తం ఎంట్రీలు ఎన్ని, మీరు ఎన్నో స్థానం
- వచ్చిన ప్రైజ్, టీడీఎస్ (ఇచ్చేటప్పుడే కోసే పన్ను) కోయకముందు మొత్తం
- కోసిన టీడీఎస్
- ఆడిన గంటలు
- మీ సొంత వాటా శాతం

రేక్ గడిని తేలిగ్గా తీసుకోవద్దు. 25,000 రూపాయల ఎంట్రీలో 22,000 మాత్రమే పూల్‌కు వెళ్తే 3,000 మీరు కూర్చోకముందే పోయినట్టు. మీతో సమానంగా ఆడేవాళ్లే టేబుల్ నిండా ఉంటే, ఎన్నేళ్లు ఆడినా సగటున ఎంట్రీకి 3,000 చొప్పున పోతూనే ఉంటుంది. జీఎస్టీ కూడా అలాంటిదే. క్యాసినోల్లో చిప్స్ కొనుగోలు మీద 2023 అక్టోబర్ 1 నుంచి 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం అయింది. టోర్నమెంట్ టికెట్‌లో అది ఎలా కలిసి ఉందో కౌంటర్‌లో అడిగి రాయించుకోండి.

## 4. చిక్కు వచ్చే ఎంట్రీలు, వాటిని రాసే తీరు

రీ-ఎంట్రీ. ఔటై మళ్లీ డబ్బు కట్టి కూర్చుంటే అది కొత్త వరుస. మొదటి వరుసలో ప్రైజ్ సున్నా. "ఒక టోర్నమెంట్ ఆడాను, 60 వేలు వచ్చింది" అనేవాళ్లను ఎన్ని బుల్లెట్లు కాల్చావని, అంటే ఎన్నిసార్లు ఎంట్రీ కట్టావని అడిగితే మూడు అంటారు. మూడుసార్లు 25,000 కడితే 75,000. అది గెలుపు కాదు, 15,000 నష్టం.

రీబై, యాడ్-ఆన్. ఔట్ కాకుండా కూర్చున్నచోటే అదనంగా చిప్స్ కొంటే అదే వరుసలో ఖర్చుకు కలపండి.

సాటిలైట్. పెద్ద టోర్నమెంట్ టికెట్టే బహుమతిగా ఇచ్చే చిన్న టోర్నమెంట్ ఇది. 5,000 పెట్టి 25,000 టికెట్ గెలిచారనుకోండి. ఆ టికెట్‌ను నగదుగా మార్చుకునే వీలుంటే, లేదా ఎలాగూ 25,000 పెట్టి ఆ టోర్నమెంట్ ఆడేవాళ్లయితే, సాటిలైట్ వరుసలో 25,000 ప్రైజ్‌గా రాసి ఆ పెద్ద టోర్నమెంట్ వరుసలో 25,000 ఖర్చు చూపండి. రెండూ కాకపోతే రెండూ కలిపి ఒకే వరుస, ఖర్చు 5,000. ఏదో ఒక పద్ధతి పట్టుకుని ఏడాదంతా అదే పాటించండి.

బౌంటీ. ఒకరిని ఔట్ చేసినందుకు వచ్చిన మొత్తం కూడా ప్రైజే.

డీల్. చివర్లో మిగిలినవాళ్లు పంచుకుంటే బోర్డు మీది మొదటి బహుమతి కాదు, చేతికి వచ్చిన మొత్తమే రాయాలి. పంచుకునేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. చిప్స్ నిష్పత్తిలో పంచుదామని ఎక్కువ చిప్స్ ఉన్నవాడు అంటాడు. ముగ్గురు మిగిలారు, బహుమతులు 50, 30, 20 వేలు, చిప్స్ 50, 30, 20 శాతం అనుకుందాం. ఎవరు ఏ స్థానంలో ముగించే అవకాశం ఎంత ఉందో చిప్స్‌ని బట్టి లెక్కగట్టే ఐసీఎం పద్ధతిలో ఎక్కువ చిప్స్ ఉన్నవాడి వాటా సుమారు 38,400, మధ్యవాడిది 32,750, చిన్నవాడిది 28,850. చిప్స్ సగం ఉన్నంత మాత్రాన డబ్బులో సగం రాదు. డీల్‌కు ఒప్పుకునే ముందు ఐసీఎం లెక్క అడగండి.

వాటాలు. మీ ఎంట్రీలో సగం మిత్రుడు పెట్టుకుంటే 25,000లో మీ ఖర్చు 12,500, వచ్చిన 1,40,000లో మీది 70,000. ఇక్కడే గొడవలు వస్తాయి. టీడీఎస్ మాత్రం టికెట్ మీద పేరున్నవాడి పాన్ మీద మొత్తానికీ కోస్తారు. ఆ కోత ఎవరు ఎంత భరించాలో ఆట మొదలయ్యే ముందే వాట్సాప్‌లో రాసుకోండి. బావైనా బావమరిదైనా సరే.

## 5. ఆర్‌ఓఐ: రెండు రకాలు, రెండూ కావాలి

ఆర్‌ఓఐ అంటే పెట్టినదాని మీద ఎంత శాతం మిగిలిందో చెప్పే సంఖ్య. వచ్చిన మొత్తంలోంచి పెట్టిన మొత్తం తీసేసి, పెట్టిన మొత్తంతో భాగించి, వందతో గుణించాలి. ఎంట్రీ, రేక్, జీఎస్టీ, రీబై అన్నీ పెట్టినదే.

అయితే దీన్ని రెండు రకాలుగా కట్టవచ్చు, జవాబులు తలకిందులుగా రావచ్చు. ఒక ఉదాహరణ:

- 5,000 రూపాయల ఎంట్రీ ఉన్న టోర్నమెంట్లు 20. పెట్టింది 1,00,000, వచ్చింది 1,60,000. ఆర్‌ఓఐ ప్లస్ 60 శాతం.
- 50,000 రూపాయల ఎంట్రీ ఉన్న టోర్నమెంట్లు 4. పెట్టింది 2,00,000, వచ్చింది 1,00,000. ఆర్‌ఓఐ మైనస్ 50 శాతం.

24 ఎంట్రీల ఆర్‌ఓఐలను విడివిడిగా కట్టి సగటు తీస్తే దాదాపు ప్లస్ 42 శాతం. మొత్తం డబ్బు మీద కడితే 3,00,000 పెట్టి 2,60,000 తెచ్చుకున్నారు, మైనస్ 13 శాతం.

అబద్ధం ఏదీ కాదు. మొదటిది ఆట ఎలా ఉందో చెబుతుంది, రెండోది జేబు ఎలా ఉందో చెబుతుంది. రెండింటి మధ్య పెద్ద తేడా కనిపిస్తే మీరు చిన్న టేబుళ్ల మీద సంపాదించి పెద్ద టేబుళ్ల మీద పోస్తున్నారని అర్థం. అందుకే షీట్‌లో ఎంట్రీ ధరను బట్టి మూడు గుంపులు చేసి ఆర్‌ఓఐ విడిగా చూడండి.

ప్రైజ్ వచ్చిన ఎంట్రీల శాతాన్ని ఐటీఎం అంటారు. దీన్ని చూసి మురిసిపోయేవాళ్లు ఎక్కువ. అట్టడుగు బహుమతి కోసం చిప్స్ దాచుకుంటూ కూర్చుంటే ఐటీఎం పెరుగుతుంది, డబ్బు పెరగదు. టోర్నమెంట్ డబ్బులో పెద్ద వాటా పై స్థానాల్లోనే ఉంటుంది.

గంటకు ఎంత వచ్చిందో కూడా కట్టుకోవచ్చు. ఏడాదికి పాతిక ఎంట్రీలు ఆడేవాళ్లకు దానితో పెద్దగా ఉపయోగం లేదు.

## 6. ట్రిప్ ఖర్చు షీట్

ప్రతి ట్రిప్‌కు ఒక వరుస. కాజీపేట నుంచి సికింద్రాబాద్, అక్కడి నుంచి వాస్కో రైలు, లేదంటే శంషాబాద్ నుంచి దబోలిమ్‌కో మోపాకో విమానం. మామునూరు నుంచి విమానం ఎగిరే రోజు వస్తే ఈ గడి కాస్త తగ్గుతుందేమో.

- రానుపోను ప్రయాణం, ఎయిర్‌పోర్ట్ ట్యాక్సీతో సహా
- గది, తిండి, ఊళ్లో తిరుగుడు
- క్యాసినో ప్రవేశ రుసుము ఉంటే అది
- డీలర్లకు ఇచ్చిన టిప్
- షాపు మూసినందుకో, జీతం కోతపడిన సెలవుకో పోయిన ఆదాయం
- టోర్నమెంట్ కాకుండా ఇతర టేబుళ్ల మీద పోయింది, వచ్చింది

చివరి గడి చాలామందికి నచ్చదు. రాత్రి పదింటికి టోర్నమెంట్‌లో ఔటై, తెల్లవారేదాకా ఏంచేయాలో తోచక రౌలెట్ దగ్గరో తీన్‌పత్తి టేబుల్ దగ్గరో 20,000 పోగొట్టి, "అది పోకర్ కాదు కదా" అని వదిలేస్తారు. పోకర్ కాదు, నిజమే. కానీ పోకర్ కోసం వెళ్లకపోతే ఆ డబ్బు పోయేది కాదు. ట్రిప్ షీట్‌లో రాయండి.

ఏది ట్రిప్ ఖర్చు, ఏది విహారం అన్న సందేహం వస్తే ఒక పరీక్ష పెట్టుకోండి: టోర్నమెంట్ లేకపోయినా ఈ రూపాయి ఖర్చుపెట్టేవాణ్ణా? అవునంటే రాయక్కర్లేదు. కుటుంబంతో వారం సెలవుకు వెళ్లి ఒక రోజు ఆడినవాళ్లు విమాన టికెట్ మొత్తం ఆట మీద వేయాల్సిన పనిలేదు.

## 7. పన్ను: లాభాన్ని నష్టంగా మార్చే గీత

విదేశీ వీడియోలు చూసి ఆర్‌ఓఐ నేర్చుకున్నవాళ్లు ఆగాల్సింది ఇక్కడే. వాళ్లు చెప్పే "20 శాతం ఆర్‌ఓఐ అంటే చాలా బాగా ఆడుతున్నట్టు" అనే మాట మన పన్ను కింద నిలవదు.

పేకాటలో గెలిచిన డబ్బు మీద మన దగ్గర 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్. కలిపి 31.2 శాతం. మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి:

- ఆ గెలుపు కోసం పెట్టిన ఖర్చును అందులోంచి తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు.
- ఒక టోర్నమెంట్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో ఆదాయంలో సర్దుకోనివ్వదు.
- ఇంకే ఆదాయం లేనివాళ్లకూ దీని మీద కనీస మినహాయింపు పరిమితి వర్తించదు.

ఒక్కో గెలుపు 10,000 దాటితే నిర్వాహకులే 30 శాతం టీడీఎస్ కోసి మిగతాది ఇస్తారు. 10,000 లోపు గెలుపు మీద టీడీఎస్ పడదు, పన్ను మాత్రం ఉంటుంది. రిటర్న్‌లో మీరే చూపాలి.

దీనితో ఎంత తేడా వస్తుందో చూడండి. ఏడాదిలో 25,000 రూపాయల ఎంట్రీలు 20 ఆడారు. పెట్టింది 5,00,000, వచ్చింది 6,50,000. ఆర్‌ఓఐ 30 శాతం, ఎవరైనా భుజం తట్టే ఫలితం. వచ్చిన మొత్తం మీద 31.2 శాతం అంటే 2,02,800 పన్ను. చేతిలో మిగిలేది 4,47,200. పెట్టినదానికంటే 52,800 తక్కువ. ఇంకా రైలు టికెట్ కూడా లెక్కలోకి రాలేదు.

మరి ఎంత వస్తే సరిసమానం? పెట్టిన ప్రతి 100కు సుమారు 145 వెనక్కి రావాలి. అంటే ట్రిప్ ఖర్చులు ఏమీ లేకుండానే 45 శాతానికి పైగా ఆర్‌ఓఐ ఉంటే తప్ప అసలు దక్కదు. పెద్ద సంఖ్యలో ఆటగాళ్లుండే టోర్నమెంట్లలో ఇది ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆడేవాళ్లకు తెలుసు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మన ప్రాంతం నుంచి గోవా వెళ్లి టోర్నమెంట్లు ఆడేవాళ్లలో ఎక్కువమందికి ఇది ఆదాయం కాదు, ఖరీదైన సరదా. సరదాకు బడ్జెట్ ఉండటంలో తప్పులేదు. సరదాను సంపాదన అని ఇంట్లో చెప్పడమే తప్పు.

మీ సొంత కేసులో ఏది ఎలా చూపాలో సీఏను అడగండి. ప్రైజ్ తీసుకునేటప్పుడు సరైన పాన్ ఇచ్చారో లేదో, కోసిన టీడీఎస్ మీ 26ఏఎస్‌లో, అంటే మీ పాన్ మీద కోసిన పన్నులు చూపే పత్రంలో కనిపిస్తోందో లేదో మాత్రం మీరే చూసుకోవాలి.

### ఒక ట్రిప్, మూడు జవాబులు

ఊహించి రాసిన ట్రిప్ ఇది. హనుమకొండ నుంచి వెళ్లిన ఆటగాడు మూడు టోర్నమెంట్లు ఆడాడు, ఒకదాంట్లో రీ-ఎంట్రీ. నాలుగు ఎంట్రీలు 25,000 చొప్పున 1,00,000. ఒకసారి 1,40,000 వచ్చింది.

1. టేబుల్ లెక్క: 1,40,000 లోంచి 1,00,000 పోతే ప్లస్ 40,000. ఇంటికి ఫోన్ చేసి చెప్పేది ఇదే.
2. ట్రిప్ లెక్క: ప్రయాణం 14,000, గది 9,000, తిండి తిరుగుడు 6,000, టిప్ 2,000. మొత్తం 31,000. మిగిలింది ప్లస్ 9,000.
3. పన్ను తర్వాతి లెక్క: టీడీఎస్ 42,000 అక్కడే కోశారు. రిటర్న్ వేసేటప్పుడు సెస్ 1,680. మొత్తం 43,680. చివరికి మైనస్ 34,680.

మీ షీట్‌లో ఈ మూడు సంఖ్యలూ పక్కపక్కనే మూడు గడుల్లో ఉండాలి. మూడోదానికి రంగు వేయండి.

## 8. ఇందులో ఆట ఎంత, అదృష్టం ఎంత

ఇప్పుడు షీట్‌లో ఒక ఆర్‌ఓఐ ఉంది. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? దీనికి కొంచెం లెక్క కావాలి, షీటే చేసిపెడుతుంది.

1. ప్రతి వరుసలో నికర ఫలితాన్ని ఎంట్రీ ఖర్చుతో భాగించండి. ఓడితే మైనస్ 1. 25,000 పెట్టి 1,00,000 తెస్తే ప్లస్ 3.
2. ఈ గడి సగటు తీయండి. అది ఎంట్రీల సగటు ఆర్‌ఓఐ.
3. ఇదే గడికి స్టాండర్డ్ డీవియేషన్ ఫంక్షన్ వేయండి. ఫలితాలు ఎంత ఊగుతున్నాయో తెలుస్తుంది.
4. దాన్ని ఎంట్రీల సంఖ్య వర్గమూలంతో భాగించండి. ఇది మీ ఆర్‌ఓఐలో ఉన్న పొరపాటు కొలత.
5. సగటుకు అటూ ఇటూ ఆ కొలతకు రెండింతలు వేస్తే మీ అసలు ఆర్‌ఓఐ ఎక్కడెక్కడ ఉండొచ్చో సుమారుగా వస్తుంది.

సంఖ్యలతో చూద్దాం. పదిమంది ఆడి 50, 30, 20 శాతం చొప్పున ముగ్గురికి ఇచ్చే చిన్న ఆటలో, అందరూ సమానంగా ఆడితే, రేక్ పక్కన పెడితే, స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 1.7 ఎంట్రీలు, అంటే ఎంట్రీ ఖర్చుకు 1.7 రెట్లు. వందమంది ఆడి పదిమందికి మాత్రమే ఇస్తూ మొదటివాడికి 30 శాతం, రెండోవాడికి 20 శాతం పంచే టోర్నమెంట్‌లో అది దాదాపు 4 ఎంట్రీలకు చేరుతుంది. ఆటగాళ్లు పెరిగేకొద్దీ, మొదటి బహుమతి పెద్దదయ్యేకొద్దీ ఊగిసలాట ఇంకా పెరుగుతుంది.

ఆ 4నే తీసుకుందాం:

- 100 ఎంట్రీల తర్వాత పొరపాటు కొలత 40 శాతం. మీ షీట్ ప్లస్ 30 చూపిస్తే అసలుది మైనస్ 50కీ ప్లస్ 110కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.
- 400 ఎంట్రీల తర్వాత 20 శాతం.
- 1,600 ఎంట్రీల తర్వాత 10 శాతం.

నాలుగు ట్రిప్పుల్లో ఏడాదికి 24 ఎంట్రీలు ఆడేవాళ్లకు 400 చేరడానికి దాదాపు 17 ఏళ్లు పడుతుంది. "ఈ ఏడాది లాభంలో ఉన్నా, ఉద్యోగం మానేయనా?" అని అడిగే తమ్ముళ్లకు నా దగ్గర ఉన్న జవాబు ఈ ఒక్క వాక్యమే.

ఇది రెండు వైపులా పనిచేస్తుంది. పదిలో ఒకసారి ప్రైజ్‌లోకి వచ్చే ఆటగాడు 24 ఎంట్రీల్లో ఒక్కసారి కూడా రాకపోయే అవకాశం 8 శాతం. అంటే సుమారు పన్నెండేళ్లకు ఒక ఏడాది ఖాళీ చేతులతో గడవడం మామూలే. దానికి వాస్తు మార్చనక్కర్లేదు.

## 9. ఎంట్రీలు తక్కువ ఉన్నవాళ్లు దేన్ని కొలవాలి

డబ్బు ఫలితం నిజం చెప్పడానికి ఏళ్లు పడితే, త్వరగా తెలిసే వాటిని కొలవాలి.

ఆల్-ఇన్ పుస్తకం. ఉన్న చిప్స్ అన్నీ ఒకేసారి పందెం పెట్టడమే ఆల్-ఇన్. ముక్కలు తెరిచి చూపిన ప్రతి ఆల్-ఇన్‌ను బ్రేక్‌లో రాయండి: మీ ముక్కలు, ఎదుటివారివి, కుండలో, అంటే పందెం కింద మధ్యలో పోగైన చిప్స్ ఎన్ని. ఇంటికొచ్చాక గెలుపు శాతం చూడండి. మీకు రెండు ఆసులు, ఎదుట రెండు రాజులు ఉంటే ఫ్లాప్‌కు ముందు, అంటే టేబుల్ మీద మొదటి మూడు ముక్కలు తెరవకముందు మీ వాటా సుమారు 82 శాతం. 40,000 చిప్స్ కుండలో మీకు న్యాయంగా రావాల్సింది 32,800. వచ్చింది సున్నా అయితే 32,800 దురదృష్టం. గెలిస్తే 7,200 అదృష్టం. అదే ఆసు-రాజు వేరువేరు జాతులు, ఎదుట రెండు రాణులు ఉంటే మీ వాటా 43 శాతం దగ్గర మాత్రమే. "నేనే ఫేవరెట్, దరిద్రం కొద్దీ ఓడాను" అన్న కథల్లో చాలావరకు ఈ రెండో రకమే.

ఇవి చిప్స్ లెక్కలు, డబ్బు లెక్కలు కావు. ప్రైజ్ దగ్గరపడ్డాక చిప్స్ రెట్టింపైనంత మాత్రాన డబ్బు విలువ రెట్టింపు కాదు. 4వ భాగంలోని డీల్ ఉదాహరణ మళ్లీ చూడండి.

ఔటైన చేయి. ప్రతి టోర్నమెంట్‌లో ఔటైన చేతిని రాసి, బ్లైండ్స్ (ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, వాటిలో పెద్దది బిగ్ బ్లైండ్) ఎంతున్నాయో, మీ దగ్గర ఎన్ని బిగ్ బ్లైండ్లు ఉన్నాయో పక్కన పెట్టండి. మీకంటే బాగా ఆడే ఇద్దరికి ఫలితం చెప్పకుండా చూపించండి. ఫలితం ముందే చెబితే ఎవరి అభిప్రాయమైనా అటే ఒరుగుతుంది.

పెద్ద గెలుపు తీసేసి చూడటం. షీట్‌లో అన్నిటికంటే పెద్ద ప్రైజ్‌ను ఒక్కసారి పక్కనపెట్టి ఆర్‌ఓఐ కట్టండి. టోర్నమెంట్ డబ్బు పెద్ద గెలుపుల్లోనే ఉంటుంది కాబట్టి ఈ సంఖ్య మైనస్‌లో ఉండటం వింతేమీ కాదు. మీ మూడేళ్ల లాభం ఒకే రాత్రి మీద నిలబడి ఉందో లేదో మాత్రం తెలుస్తుంది.

## 10. తరచూ కనిపించే తప్పులు, సవరణలు

టీడీఎస్ పోను చేతికొచ్చింది ప్రైజ్‌గా రాసి, ఏడాది చివర పన్ను మళ్లీ తీసేయడం. నష్టం రెండుసార్లు పడుతుంది. ప్రైజ్ గడిలో ఎప్పుడూ కోతకు ముందు మొత్తమే.

ఖాతాలో ఉన్న నిల్వ చూసి లాభం అనుకోవడం. మధ్యలో జీతం నుంచి వేసిన 50,000 కూడా అందులోనే ఉంటుంది. వేసిన డబ్బు, తీసిన డబ్బు కోసం రెండు గడులు విడిగా పెట్టండి.

మొదలు తేదీని మార్చుకుంటూ పోవడం. "జూన్ నుంచి చూస్తే లాభమే" అనేది లెక్క కాదు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు పెట్టుకుంటే పన్ను లెక్కకూ సరిపోతుంది, మధ్యలో తేదీ జరిపే ఆశ కూడా పుట్టదు.

ఓడాక ఎంట్రీ ధర పెంచడం. షీట్‌లో ఇది ఇట్టే దొరుకుతుంది. తేదీల వరుసలో ఎంట్రీ ధర గడి చూడండి, వరుసగా మూడు నష్టాల తర్వాత ధర పెరిగిందా? పెరిగితే అక్కడ ఆడింది మీరు కాదు, టెన్షన్.

## 11. ట్రిప్ ముగిశాక, ఏడాది ముగిశాక

ఇంటికి చేరిన రెండు రోజుల్లో:

- రసీదుల ఫొటోలను షీట్ వరుసలతో పోల్చి టిక్ పెట్టండి
- ట్రిప్ ఖర్చు వరుస పూర్తిచేయండి, రౌలెట్ గడితో సహా
- వాటాల డబ్బు ఎవరిది వాళ్లకు పంపి స్క్రీన్‌షాట్ దాచండి
- మూడు జవాబులూ రాయండి: టేబుల్, ట్రిప్, పన్ను తర్వాత
- ఇంట్లో చెప్పేది మూడో సంఖ్యే కావాలి

మార్చి ముగిశాక:

- ఎంట్రీ ధర గుంపుల వారీగా ఆర్‌ఓఐ, మైనస్‌లో ఉన్న గుంపు ఏదో
- రేక్, జీఎస్టీ, పన్ను, ప్రయాణం కలిపి ఏడాదిలో ఎంత పోయిందో ఒకే సంఖ్యగా
- స్టాండర్డ్ డీవియేషన్, పొరపాటు కొలత మళ్లీ కట్టడం
- 26ఏఎస్‌లో టీడీఎస్ సరిచూసి సీఏకు పంపడం
- వచ్చే ఏడాదికి పోయినా ఫరవాలేదనుకునే మొత్తం ఎంతో రాసి, దాన్ని మాత్రమే ఆట ఖాతాలో వేయడం

ఆ మొత్తం అయిపోతే ఆ ఏడాదికి ఆట అయిపోయినట్టే. మళ్లీ ఏప్రిల్ దాకా షీట్‌లో కొత్త వరుస ఉండకూడదు. అప్పు తెచ్చో, బంగారం తాకట్టు పెట్టో, చిట్టీ పాడుకునో ఒక్క ఎంట్రీ కట్టినా, షీట్‌ను ఇంట్లోవాళ్లకు చూపించలేకపోతున్నా, ఇక కొలవాల్సింది ఆర్‌ఓఐ కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. కాల్ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.